బల్ల మీది ఉసిరి సీసా

కార్తీకం వెళ్ళిపోయి పది రోజులైంది. ఈ ఏడు ఊరవేసిన ఉసిరి ముక్కలు ఇంకా డాబా మీద చాపలో ఎండుతున్నాయి. కాకులు వాలకుండా పాత చీర ఒకటి కప్పి కిందికి దిగుతుంటే మా ఆయన ఫ్యాక్టరీ నుంచి ఫోను చేశారు.

"మందుల షాపు మావయ్య పోనారంట. తెల్లారగట్ల. నిద్దర్లోనే."

ఫోను పెట్టేసి మళ్ళీ డాబా ఎక్కాను. ఎందుకెక్కానో తెలియదు. చీర తీసి ముక్కలన్నీ ఒకసారి తిరగేసి, మళ్ళీ కప్పాను. అవి ఆయన కోసం ఎండబెట్టినవి.

ఆయన పేరు రాయను. రాసినా మా చుట్టుపక్కల సగం మందికి తెలియదు. గరివిడిలో స్టేషనుకి పోయే దారిలో చిన్న మందుల షాపు. మా ఊరికి మూడు మైళ్ళు. అందరికీ మందుల షాపు మావయ్యే. ఆయనకి మా అత్తగారు 'అప్ప', అంటే అక్క, నేను 'తల్లి', షాపు గుమ్మం ఎక్కిన ప్రతి మగవాడూ 'బావ'.

సన్నటి మనిషి. కళ్ళజోడుకి నూలుదారం కట్టి మెడలో వేసుకునేవారు. మరో దారానికి కత్తెర. బిళ్ళల అట్ట ముక్క చేసే ముందు ఆ కత్తెరని గాలిలో రెండు మూడు సార్లు కిచకిచమనిపించేవారు. అది ఆడుతున్నంతసేపూ ఆలోచిస్తున్నారని అర్థం. కత్తెర తీసి బల్ల మీద పెట్టేశారంటే ఇక ఆ మందు ఇవ్వరు. బతిమాలినా, తిట్టినా, పక్క షాపుకి పోతానని బెదిరించినా ఇవ్వరు. "ఎల్లు బావా, ఎండగా ఉన్నాది, గొడుగుందేటి?" అని పంపించేవారు.

షాపులో దేవుడి పటం ఉండేది కాదు. గోడ మీద ఉన్నది లైసెన్సు ఒక్కటే, అద్దం కట్టించి. శుక్రవారం శుక్రవారం వాళ్ళ ఇంటావిడ ఆ లైసెన్సుకే మల్లెల దండ వేసి, అగరుబత్తి తిప్పి వెళ్ళేది. నాకది మొదట్లో కష్టంగా తోచేది. దేవుడి పటం లేని కొట్టులో ఏ మందు పని చేస్తుందని. ఒకసారి అడిగాను కూడా.

"రామతీర్థంలో రాముడున్నాడు తల్లీ, అక్కడికే ఎల్లి దండం ఎడతాను. ఈ కొట్లో తప్పు జరిగితే ఆయన మీదకి తొయ్యకూడదు కదేటి. నా మీదే ఉండాల" అన్నారు.

ఒళ్ళు నొప్పి అని వచ్చినవాళ్ళకి పేరూ ఊరూ లేని నాలుగు బిళ్ళలు కాగితం పొట్లంలో కట్టి ఇవ్వడం మా వైపు షాపుల్లో మామూలే. దాన్నే 'సెట్టు' అంటారు. "ఒక సెట్టు ఇచ్చీ" అని చెయ్యి చాపితే ఇచ్చేస్తారు. ఈయన ఇచ్చేవారు కాదు. "నొప్పి నీది, బిల్ల నాది. మజ్జిన కొంచెం మాటుండాల" అనేవారు. ఎవరికి, ఎన్నాళ్ళనుంచి, ఇంకేం వాడుతున్నారు, అన్నీ అడిగి, కాగితం కవరు మీద తెలుగులో ఎవరి కోసమో, దేనికోసమో రాసి ఇచ్చేవారు. బడిగడప తొక్కకుండా మా నాన్న దగ్గర ఇంట్లోనే నాలుగు అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. అట్ట మీది ఇంగ్లీషు నాకు గీతల్లా ఉండేది. ఆయన రాసిన కవరు మాత్రం చదువుకోగలిగేదాన్ని. అందుకు ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఇక ఆ సీసా సంగతి.

బల్ల మీద కుడిచేతి వైపు వెడల్పు మూతి గాజు సీసా ఒకటి ఎప్పుడూ ఉండేది. అందులో ఉప్పులో ఊరి ఎండిన ఉసిరి ముక్కలు. మగవాళ్ళెవరైనా చెయ్యి పెడితే కత్తెర పిడితో వేళ్ళ మీద తట్టేవారు. "అది ఆడకూతుల్లది బావా, సెయ్యి తియ్యి."

ఆ సీసా ఎందుకో మాకే తెలుసు. బోరింగుల దగ్గర, పొలం గట్ల మీద ఆడవాళ్ళ నోటే నడిచిన మాట అది. కడుపుతో ఉన్న మనిషి తలనొప్పికైనా, నడుం నొప్పికైనా బిళ్ళ అడగబోయే ముందు సీసాలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకోవాలి. అంతే. చెప్పక్కర్లేదు. మూడో నెల నిండేదాకా మా వైపు ఆ మాట బయటికి అనరు. దిష్టి తగులుతుందని భయం. పైగా పక్కన మామగారో, ఊరి మనిషో నిలబడి ఉంటారు. ముక్క తీసుకుంటే చాలు, మావయ్య చెయ్యి ఒళ్ళునొప్పుల బిళ్ళలుండే పై అర మీదికి వెళ్ళబోయినదల్లా కింది సొరుగు దగ్గరికి దిగేది. గొంతు కూడా దిగేది.

"అన్నం తిన్నావేటి? నిద్దరట్టిందా? నీల్లు తాగుతన్నావా, నేదా?"

చాలాసార్లు నొప్పి అక్కడే తేలిపోయేది. చెంబుడు నీళ్ళు తాగి, చీకటి గదిలో కాసేపు పడుకోమనేవారు. అప్పటికీ తగ్గకపోతే వేసుకోమని రెండే రెండు బిళ్ళలు కత్తిరించి ఇచ్చేవారు. "జొరం బిల్ల. నీ నొప్పికీ ఇదే. ఎంత తక్కువతో తగ్గితే అంతే ఎయ్యి. జలుబు బిల్లలోనూ ఇదే మందు కలిపుంటాది, రెండూ మింగీసేవు, రెట్టింపైపోద్ది. రేపటికీ తగ్గకపోతే నా కాడికి కాదు, డాక్టరమ్మ కాడికెల్లు. ఒల్లునొప్పుల బిల్లలు మాత్రం నీ అంతట నువ్వు ముట్టకు. అయిదో నెల దాటినాక మరీని. బిడ్డ మూత్రపిండాలకి దెబ్బ, ఉమ్మనీరు తగ్గిపోద్ది. నెలలు పెరిగిన కొద్దీ బిడ్డ గుండెకీ మంచిది కాదు."

ఆ మాటల్ని మరో రకంగా అర్థం చేసుకున్న మనిషిని కూడా చూశాను. ఒకావిడ వచ్చి గొప్పగా చెప్పింది. "నువ్వన్నట్టే సేసినాను మావా. డాక్టరమ్మ రోజూ ఒకటి ఎయ్యమని ఇచ్చిన సన్న బిల్ల, అదీ నొప్పుల బిల్ల జాతేనంట. పెంటకుప్పలో పారీసినాను."

కత్తెర బల్ల మీద పడింది. అంత కోపం ఆయన ముఖంలో నేనెన్నడూ చూడలేదు.

"ఒసే, నీ తెలివి తెల్లారినట్టే ఉన్నాది! నానన్నది నువ్వు కొట్టుకొచ్చి కొనుక్కునే బిల్ల గురించి. ఆవిడ నీ బీపీ సూసి, రకతం సూసి రాసింది వేరు. నీకు బీపీ పెరక్కుండా రాసినాది. ఆవిడ ఆపమన్నాదా? నేదు కదా? రేపు తెల్లారేసరికి ఆసుపత్రిలో ఉండాల నువ్వు. ఉన్నావో నేదో నాను కనుక్కుంటాను."

కనుక్కున్నారు కూడా. వాళ్ళ ఊరి పాలవాడి చేత.

ఆ సీసా ఎందుకు పెట్టారో ఆయన ఒక్కసారే చెప్పారు. షాపు పెట్టిన కొత్తల్లో ఒక కొత్త కోడలు మామగారితో వచ్చి నడుం నొప్పికి మందు అడిగిందట. ఈయన అందరి ముందూ గట్టిగా, "నెల తప్పినావేటి?" అని అడిగారు. ఆ పిల్ల తల దించుకుని లేదంది. మందిచ్చారు. ఆ పిల్ల మెట్లు దిగుతూ చెంగు సర్దుకున్న తీరు చూసి అనుమానం వచ్చిందట. పిలుద్దామనుకునేసరికి బస్సెక్కేశారు.

"మల్లీ ఎప్పుడూ రానేదు తల్లీ. ఏటైనాదో తెల్దు. ఏటీ అయ్యుండదు, బాగానే ఉండుంటాది. కానీ తెల్దు కదా" అన్నారు. కత్తెర గాలిలో ఆడుతూనే ఉంది, ముందు కత్తిరించడానికి ఏమీ లేకపోయినా.

నా కథ జరిగి పదిహేనేళ్ళు దాటింది. అదీ కార్తీకమే.

అంతకు ముందు నాకు రెండు కాన్పులు నిలవలేదు. మూడోసారి నెల తప్పగానే మా అత్తగారు నన్ను ఇల్లు కదలనివ్వలేదు. ఆవిడది చెడ్డ బుద్ధి కాదు. ఊరి కళ్ళు పడే రెండూ పోయాయని నమ్మింది. అయిదో నెలలో ఒక్కసారి ఆసుపత్రికి తీసుకెళ్ళింది, అది కూడా కంబళి కప్పి. ఏడో నెల వచ్చాక కూడా పక్కింటివాళ్ళకి నాకు వాతం నొప్పులనే చెప్పేది.

ఆ రోజు తెల్లవారినప్పటి నుంచీ తల పగిలిపోతోంది. కళ్ళ ముందు చిచ్చుబుడ్డి రవ్వల్లా ఏవో ఎగురుతున్నాయి. చీకటితో లేచి తులసి దగ్గర దీపాలు పెడుతున్నాను కదా, దీపాన్ని చూసి చూసి కళ్ళు చెదిరాయనుకున్నాను. దేవుడి వెలుగేమో అని కూడా అనుకున్నాను, దాచడం ఎందుకు.

అత్తగారు గరివిడి వెళ్ళింది. ఆవిడ మోకాళ్ళకి డాక్టరు రాసిన గట్టి నొప్పి బిళ్ళల చీటీ మావయ్య దగ్గర ఎప్పుడూ ఉండేది. "మోకాల్లు పీకతన్నాయి తమ్ముడా, నా బిల్లలు ఇచ్చీ" అంది. సీసా జోలికి పోలేదు. పోతే ఆయన అడుగుతాడు, అడిగితే ఆసుపత్రికి పొమ్మంటాడు, ఆసుపత్రికి పోతే ఊరంతా చూస్తుంది. తన మోకాళ్ళ నొప్పిని చిటికెలో తీసేసే బిళ్ళ కోడలి తలనొప్పిని తియ్యదా అనుకుంది. బిళ్ళలు కొంగున కట్టుకుని, మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగి, ఆయన అటు తిరిగి ఉన్నప్పుడు, సీసాలోంచి రెండు ముక్కలు తీసుకుంది. నాకు నోరు చేదుగా ఉందని పొద్దున్న అన్నాను. అందుకని. ప్రేమతోనే.

ఇంటికొచ్చి చెంబుతో నీళ్ళు, చేతిలో బిళ్ళ పెట్టింది. కవరు మీద ఉంది: 'అప్పకి మాత్రమే. మోకాళ్ళకి.' చదివాను.

"ఇది మీకని రాసున్నాదత్తా."

"నాకని సెప్పే కదే తెచ్చినాను. మింగీ. నాకు పనిసేసింది నీకు సెయ్యదేటి?"

పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పడం నాకు రాదు. మందు పుచ్చుకునే ముందు విష్ణునామం పన్నెండుసార్లు తలచుకోమని నాన్న నేర్పాడు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. తలనొప్పికి నామాలు తడబడి, మళ్ళీ మొదటికి వచ్చాను. అప్పుడు వాకిట్లో సైకిలు పడిన చప్పుడైంది. స్టాండు వెయ్యలేదు, పడేశారు.

"ఏసీసుకుందేటి? అప్పా! ఏసీసుకుందేటి?"

చెప్పులతోనే లోపలికి వచ్చేశారు. మెడలో కత్తెర ఊగుతోంది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. నా అరచేతిలో బిళ్ళ చూసి, గుమ్మానికి చేరగిలబడ్డారు.

మా అత్తగారు నడుం మీద చెయ్యేసుకుంది. "ఎవులేటి ఏసుకోడం? అవి నా మోకాల్ల బిల్లలు. నువ్వేటి తమ్ముడా, కొట్టు వొదిలీసి ఇల్ల మీద పడతన్నావు?"

"ఉసిరి ముక్కలు ఎవులికి అప్పా?"

"నాకే."

"అప్పా," అన్నారు ఆయన, ఆయాసపడుతూ, "నీకు పళ్ళు నేవు."

ఆ తలనొప్పిలో కూడా నాకు నవ్వొచ్చింది. బీరువా అద్దంలో ఆవిడ చెయ్యి సీసాలోకి వెళ్ళడం చూశారట. మరొకరికి మందు కడుతూ, బోసినోటి అప్ప రాయిలాంటి ఉసిరి ముక్క ఏం చేసుకుంటుందా అని కత్తెర ఆడించుకున్నారట. అవి కోడలికని తోచేసరికి బేరాల మనుషుల్ని మెట్ల మీదే నిలబెట్టి సైకిలెక్కారు.

"ఎన్నో నెల తల్లీ?"

అత్తగారి వంక చూశాను. ఆవిడ గోడ వంక చూసింది. "ఏడు" అన్నాను.

బిళ్ళ తీసుకుని జేబులో వేసుకున్నారు. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి అని అడిగారు. కళ్ళ ముందు ఏమైనా ఎగురుతున్నాయా అన్నారు. రవ్వల సంగతి చెప్పాను. కత్తెర ఆడటం ఆగిపోయింది. ఆయన నన్ను ముట్టుకోలేదు. "అప్పా, కోడలి కాలి మీద బొటనేలితో నొక్కి తియ్యి" అన్నారు. అత్తగారు నొక్కింది. వేలు తీసినా సొట్ట అలాగే ఉండిపోయింది, తడి మట్టి మీద పడ్డట్టు. ముఖం ఎప్పటినుంచి ఉబ్బిందని కూడా అడిగారు. నేను ఒళ్ళు చేశాననుకుంటున్నాను అప్పటిదాకా.

అత్తగారి గొంతు తగ్గింది. "పోనీ ఆ జొరం బిల్లే ఒకటి ఇచ్చీ తమ్ముడా. అది పర్వానేదంటావు కదా."

జొరం బిళ్ళలు కూడా ఆయన జేబులోనే ఉన్నాయి. అట్ట అంచు నాకు కనిపిస్తోంది.

"ఇది బీపీ పెరిగిన నొప్పిలాగుంది అప్పా. అది ఏస్తే నొప్పి తగ్గినట్టుంటాది, బీపీ తగ్గదు. నొప్పి పోయిందని మీరు పడుకుంటారు. ఈ నొప్పికి నా కొట్లో మందు నేదు. ఆటో పిలుస్తన్నాను. ఇప్పుడే. విజయనగరం పెద్దాసుపత్రికి."

"ఊరంతా సూస్తాది..."

"సూడనీ. సూసి దండం ఎట్టుకోనీ. రెండు పోనాయి కదప్పా. నీ కోడల్ని కూడా పోగొట్టుకుంటావేటి?"

మా అత్తగారిని ఆ మాట అన్న మనిషి ఇంకొకరు లేరు. ఆవిడ లోపలికి వెళ్ళి నా బట్టలు సంచిలో పెట్టుకొచ్చింది. కంబళి తేలేదు.

ఆసుపత్రిలో బీపీ చూసిన డాక్టరమ్మ వెంటనే మంచమెక్కించి ఇంజక్షన్లు మొదలుపెట్టింది. ఎవరు పంపించారని అడిగింది. మందుల షాపాయన అన్నాను. "ఏ బిళ్ళా ఇవ్వకుండానా?" అంది. ఇవ్వకుండానే అన్నాను. ఆవిడ నమ్మక మా అత్తగారిని మళ్ళీ అడిగింది.

మూడు వారాలు అక్కడే ఉంచారు. ఆ తరువాత మా అమ్మాయి పుట్టింది. రెండు అరచేతుల్లో పట్టేటంత. ఇప్పుడు నా కన్నా బెత్తెడు పొడుగు.

నా పన్నెండు నామాలే కాపాడాయని మావయ్యతో అంటే ఒప్పుకునేవారు కాదు. "నీ నామాలు కాదు తల్లీ, నా సైకిలు చెయిను. రోజూ ఊడిపోయేది, ఆ రోజు ఊడనేదు" అనేవారు. ఆ చెయిను ఊడకుండా పట్టుకున్నదెవరు మావయ్యా అనేదాన్ని. "నానే. ఆ ముందటి వారమే కొత్తది ఏయించినాను" అనేవారు. మేమిద్దరం ఆ వాదన ఎన్నేళ్ళు వాదించుకున్నామో.

అత్తగారు మాత్రం ఆయనతో ఏడాది మాట్లాడలేదు. ఊరి మధ్యలోంచి ఆటో ఎక్కించాడని. మళ్ళీ కార్తీకం వచ్చింది. ఆవిడ తనే ఉసిరికాయలు కోయించి, ముక్కలు చేసి, ఉప్పులో ఊరవేసి, పది రోజులు కాకుల్ని తోలుతూ ఎండబెట్టి, గరివిడి పట్టుకెళ్ళింది. మనవరాలు నా చంకలో. సీసా నిండుగా పోసింది. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకున్నారు.

"ఉప్పెక్కువైనాదప్పా."

"అయితే తిరిగిచ్చీ."

"ఇవ్వను."

ఆవిడ ఉన్నంతకాలం ఏటా ఆవిడ పట్టుకెళ్ళింది. తరువాత నేను.

మావయ్య పన్నెండో రోజు కూడా అయ్యాక ముక్కలు కొత్త సీసాలో పోసి సంచిలో పెట్టుకుని వెళ్ళాను. షాపులో ఆయన మేనకోడలు ఉంది. ఫార్మసీ చదివింది. రెండేళ్ళుగా ఆ పిల్లే చూసుకుంటోంది. మంచి పిల్ల, చురుకు. లైసెన్సు పటానికి దండ ఉంది. బల్ల మీద కంప్యూటరు వచ్చింది. పాత సీసా లేదు. అది ఉన్నచోట బల్ల అద్దం మీద గుండ్రటి మరక మిగిలింది.

"సీమలు పడతన్నాయి అత్తా, తీసీసినాను" అంది, నా చూపు కనిపెట్టి. "ఇప్పుడు ఎవరూ అంత దాసుకోరు కదా. అదిగో, బోర్డు ఎట్టించినాను."

గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంది, గర్భిణులు మందు కొనే ముందు తప్పక తెలియజేయాలని. మంచి మాట. తప్పేముంది. నేను సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను.

అప్పుడొచ్చింది ఆ అమ్మాయి. గాజులు ఇంకా కొత్తగా ఉన్నాయి. వెంట మామగారు, పక్కనే నిలబడ్డాడు. "నడుం నొప్పికి బిల్ల" అంది.

"కడుపుతో ఉన్నారా అండీ?" అని అడిగింది మేనకోడలు. మర్యాదగానే అడిగింది, అందరినీ అడుగుతుంది.

"నేదు" అంది ఆ అమ్మాయి.

మేనకోడలి చెయ్యి పై అర మీదికి వెళ్ళింది. ఆ అమ్మాయి చెయ్యి మాత్రం బల్ల మీద, కుడివైపు, అద్దం మీది గుండ్రటి మరక చుట్టూ తిరుగుతోంది. వెతుకుతోంది. ఇంటి దగ్గర ఎవరో చెప్పి పంపించి ఉంటారు, అక్కడ ఒక సీసా ఉంటుందని.

నేను లేచి నా సీసా తీసి ఆ మరక మీద పెట్టాను. మూత తీశాను.

ఆ పిల్ల నా వంక చూసింది. ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకుంది.

పై అర మీద మేనకోడలి చెయ్యి ఆగింది. ఆ పిల్ల ముఖం చూసింది, సీసా చూసింది. తరువాత నెమ్మదిగా చెయ్యి దించింది.

"బాబయ్యా," అంది మామగారితో, "మీ బండి మెట్లకి అడ్డంగా ఉన్నాది. కొంచెం పక్కకి తీద్దురూ."

ఆయన దిగి వెళ్ళాడు. మేనకోడలు బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి, "అన్నం తిన్నావేటి?" అని మొదలుపెట్టింది.

నేను ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాను. మూత సీసా పక్కనే వదిలేసి మెట్లు దిగాను.